ఒకే తూకం: కార్మిక నాయకుడు ఫిలిప్ ముర్రే జీవితం



మే నెల 1వ తేదీన శ్రీసభ శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగను కొనియాడుతుంది. 1955లో 12వ పియుస్ జగద్గురువులు ఈ పండుగను నెలకొల్పారు. చెమటోడ్చి బ్రతికే ప్రతి మనిషికీ తన పనిలోనే దేవుని ముందు గౌరవం ఉందని చెప్పడం ఆ పండుగ ఉద్దేశం. ఆ గౌరవం అందరికీ ఒకే విధంగా దక్కాలని తన జీవితమంతా పాటుపడిన ఒక కతోలిక కార్మికుని గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయన పేరు ఫిలిప్ ముర్రే. ఆయన గురువు కారు, మఠవాసి కారు, పునీతుల జాబితాలో ఆయన పేరు లేదు. పదేళ్ళ ప్రాయంలో బొగ్గుగనిలోకి దిగి, ఆ తరువాత అమెరికా దేశంలో లక్షలాదిమంది కార్మికులకు నాయకుడైన సామాన్య గృహస్థు ఆయన.

తెల్లవాడూ నల్లవాడూ ఒకే సంఘంలో అన్నదమ్ముల్లా ఉండాలని తన సభ్యులకు నేర్పించడానికి ఆయన పూనుకున్నారు. అందులో కొంత నెగ్గారు, కొంత నెగ్గలేకపోయారు. ఆ రెండూ మనకు పాఠాలే.

గనిలోకి దిగిన పదేళ్ళ పిల్లవాడు

ఫిలిప్ ముర్రే 1886 మే 25న స్కాట్లండు దేశంలోని బ్లాంటైర్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి విలియం ఐర్లండు నుంచి బ్రతుకుతెరువు కోసం వచ్చిన కతోలికుడు, బొగ్గుగని కార్మికుడు, స్థానిక గని కార్మికుల సంఘంలో పెద్ద. తల్లి రోజ్ ఆన్ నేతమిల్లులో పనిచేసేది. బిడ్డకు రెండేళ్ళు వచ్చేసరికే ఆ తల్లి కన్నుమూసింది. తండ్రి మళ్ళీ పెండ్లి చేసుకున్నారు. మరో ఎనిమిదిమంది బిడ్డలు కలిగారు. అంత పెద్ద సంసారానికి ఒక్కరి కూలి చాలలేదు. అందుచేత ఫిలిప్ పదేళ్ళకే బడి మాని తండ్రి వెంట గనికి నడిచారు.

ఆ రోజుల్లో స్కాట్లండులో ఐర్లండు కతోలికులంటే చిన్నచూపు ఉండేది. వాళ్ళు తక్కువ కూలికి వచ్చి స్థానికుల పొట్టకొడుతున్నారని నిందించేవారు, వాళ్ళ మతాన్ని ఎగతాళి చేసేవారు. తన పుట్టుకను బట్టి, తన గుడిని బట్టి పరులు తనను తక్కువగా చూస్తే ఎలా ఉంటుందో ఆ వాడల్లో పెరిగిన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తూకం దగ్గర తగాదా

1902 చివరలో తండ్రీ కొడుకులు ఓడ ఎక్కి అమెరికా చేరుకున్నారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ నగరం చుట్టుపక్కల ఉన్న బొగ్గుగనులలో పని దొరికింది. కొద్దికాలానికే కూడబెట్టిన డబ్బుతో మిగిలిన కుటుంబాన్నీ రప్పించుకున్నారు.

అక్కడ గని కార్మికుడికి రోజుకూలి లేదు. తవ్విన బొగ్గును టబ్బులకెత్తి పైకి పంపాలి. పైన కంపెనీ మనిషి తూకం వేస్తాడు. టన్నుకు ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తారు. తూకం దగ్గర మోసం జరిగితే లోపల రోజంతా నడుము వంచిన మనిషి శ్రమ గాలికి పోయినట్టే. 1904లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తన బొగ్గును తక్కువ తూచారని ఫిలిప్ నిలదీశారు. మాట మీద మాట పెరిగి చేతుల దాకా వచ్చింది. కంపెనీ ఆయనను పనిలోనుంచి తీసివేసింది.

అప్పుడు జరిగినది ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ గనిలోని దాదాపు 600 మంది కార్మికులు ఆ కుర్రవాడి కోసం పని ఆపేశారు. హార్నింగ్ అనే ఆ ఊరి సంఘానికి అతడినే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. సమ్మె నాలుగు వారాలు సాగింది. కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉంటున్న ముర్రే కుటుంబాన్ని సామాన్లతో సహా వీధిలోకి నెట్టారు. చివరకు ఆకలికి తాళలేక కార్మికులు తిరిగి పనిలోకి వెళ్ళారు. ఫిలిప్‌ను పోలీసు జవాన్లు ఊరు దాటించి పంపించారు.

సమ్మె ఓడిపోయింది. అయినా ఒక సంగతి ఆయన మనసులో నాటుకుపోయింది. ఒక్కడికి జరిగిన అన్యాయం 600 మందికి తమ అన్యాయంగా తోచింది. ఒంటరివాడికి తూకం దగ్గర న్యాయం లేదు, కలిసి నిలబడితేనే ఉంటుంది. ఆ నాటి నుంచి చనిపోయేవరకు ఆయన కార్మిక సంఘాన్ని విడిచిపెట్టలేదు.

బడి చదువు లేకపోయినా పోస్టు ద్వారా పాఠాలు తెప్పించుకుని గణితమూ విజ్ఞానశాస్త్రమూ నేర్చుకున్నారు. 1910లో ఎలిజబెత్ లావరీని వివాహమాడారు. ఆమె తండ్రి గని ప్రమాదంలో మరణించినవాడు. వారు జోసెఫ్ అనే ఒక బిడ్డను దత్తు తీసుకుని పెంచుకున్నారు. 1911లో ఫిలిప్ అమెరికా పౌరుడయ్యారు. 1916లో పిట్స్‌బర్గ్ ప్రాంత గని కార్మికులకు అధ్యక్షుడు, 1920లో దేశవ్యాప్త గని కార్మికుల సంఘానికి ఉపాధ్యక్షుడు అయ్యారు. ఆయన గొంతు చించుకుని మాట్లాడే నాయకుడు కారు. నెమ్మదిగా, లెక్కలు ముందుపెట్టుకుని, ఎదుటివాడు చెప్పేది విని మాట్లాడేవారు.

ఉక్కు ఊళ్ళలో రంగు గోడ

1890లో స్థాపించబడిన ఆ గని కార్మికుల సంఘానికి ఒక మంచి ఆనవాయితీ ఉంది. రంగును బట్టి, మతాన్ని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి ఎవరినీ సంఘంలోనుంచి తోసివేయరాదని వారి నియమావళిలో ఆనాడే రాసుకున్నారు. ఆచరణలో లోటుపాట్లు ఉన్నా, నల్లవారూ తెల్లవారూ ఒకే సంఘంలో సభ్యులు. కాని అమెరికాలోని చాలా ఇతర సంఘాలలో పరిస్థితి వేరు. కొన్ని సంఘాలు నల్లవారిని చేర్చుకోమని నియమంగానే పెట్టుకున్నాయి. కొన్ని వారిని వేరే శాఖలుగా దూరంగా కూర్చోబెట్టాయి.

దాని ఫలితం 1919లో కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబరులో దాదాపు మూడున్నర లక్షలమంది ఉక్కు కార్మికులు సమ్మెకు దిగారు. కంపెనీలు దక్షిణాది రాష్ట్రాలనుంచి వేలాదిమంది నల్లవారిని తీసుకువచ్చి కొలిముల దగ్గర నిలబెట్టాయి. అక్కడ పత్తిచేలలో అర్ధాకలితో, అవమానాలతో బ్రతుకుతున్నవారికి ఉక్కు మిల్లు కూలి ఒక వరంలా కనిపించింది. ఇన్నాళ్ళూ తమను గడప తొక్కనివ్వని సంఘం కోసం తామెందుకు పస్తులుండాలని వారు అనుకుంటే తప్పు పట్టగలమా? 1920 జనవరిలో సమ్మె కూలిపోయింది. తెల్ల కార్మికులు నల్లవారిని ద్రోహులన్నారు. తలుపు మూసింది ముందు తామేనన్న సంగతి చాలామందికి తట్టలేదు.

1936 జూనులో ఉక్కు కార్మికులను కూడగట్టే బాధ్యత ముర్రే భుజాలమీద పడింది. అప్పుడే కొత్తగా ఏర్పడుతున్న సి.ఐ.ఓ. అనే సంఘాల సమాఖ్య ఇందుకోసం ఐదు లక్షల డాలర్లు కేటాయించింది. ముర్రే పిట్స్‌బర్గ్‌లో కార్యాలయం తెరిచారు. 1919 నాటి తప్పు మళ్ళీ చేయకూడదని మొదటినుంచే నిశ్చయించుకున్నారు. నల్లజాతి కార్మికులలోనుంచే సంఘ ప్రచారకులను నియమించారు. వారు నల్లవారి దేవాలయాలకు వెళ్ళారు, సంఘ పెద్దలను కలిశారు. చందా ఒకటే, కార్డు ఒకటే, సభ ఒకటే అని చెప్పారు.

1937 మార్చి 2న అమెరికాలోకెల్లా పెద్దదైన ఉక్కు కంపెనీ ఒక్క సమ్మె కూడా లేకుండా సంఘంతో ఒప్పందానికి వచ్చింది. రోజుకు ఐదు డాలర్ల కనీస కూలి, వారానికి 40 గంటల పని ఒప్పుకుంది. చిన్న కంపెనీలు మాత్రం మొండికేశాయి. అదే ఏడాది మే 30న షికాగోలో నిరసనకు వచ్చిన కార్మికులమీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. వారిలో తెల్లవారితోపాటు ఒక నల్లజాతి కార్మికుడూ ఉన్నాడు.

సంఘమే బడి అయిన రోజులు

1940 నవంబరులో ముర్రే సి.ఐ.ఓ. సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. అప్పటికి యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. విమానాలు, ఓడలు, ఫిరంగులు తయారుచేసే కర్మాగారాలలో లక్షల కొత్త కొలువులు వచ్చాయి. వాటిలో నల్లవారికి ఊడ్చే పని, మోసే పని తప్ప మరొకటి ఇవ్వడంలేదు. రైలు పెట్టెలలో పనిచేసే నల్లజాతి కార్మికుల నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ లక్షమందితో రాజధానికి నడిచి వస్తామని ప్రకటించారు. 1941 జూన్ 25న అధ్యక్షుడు రూజ్వెల్ట్ రక్షణ కర్మాగారాలలో వివక్ష పనికిరాదని ఉత్తరువు జారీచేశారు.

ఉత్తరువు వచ్చింది. కాని ఒక నల్లవాడిని మంచి యంత్రం దగ్గరకు పంపితే, పక్కనున్న తెల్లవారు పనిముట్లు కింద పడేసి బయటకు నడిచే ప్రమాదం ఉంది. ఆ బయటకు నడిచేవారు ఎవరో కాదు, సంఘ సభ్యులే. కంపెనీని ఎదిరించడం ముర్రేకు తెలుసు. ఇప్పుడు తన సొంత సభ్యుల మనసులను ఎదుర్కోవలసి వచ్చింది.

1942లో ఆయన జాతి వివక్షను నిర్మూలించడానికి ఒక ప్రత్యేక కమిటీని నియమించారు. దానికి అధ్యక్షుడు సి.ఐ.ఓ. కార్యదర్శి, కతోలికుడైన జేమ్స్ కేరీ. దాని పనిని నడిపించినవాడు నల్లజాతి కార్మిక నాయకుడు జార్జ్ వీవర్. అమెరికాలో ఒక పెద్ద కార్మిక సమాఖ్య తన సభ్యులకే వివక్ష తప్పని నేర్పడానికి ఇలా పూనుకోవడం అంతకుముందు ఎరగనిది. ఊరూరా, రాష్ట్రం రాష్ట్రానా శాఖా కమిటీలు ఏర్పడ్డాయి. తేలికగా చదువుకోదగిన చిన్న పుస్తకాలు, గోడపత్రికలు పంచారు. సంఘ పత్రికలలో వ్యాసాలు వేశారు. కర్మాగారంలో కార్మికుల ఫిర్యాదులు వినే స్టీవార్డులకు, నల్లవాడి ఫిర్యాదునూ తెల్లవాడి ఫిర్యాదునూ ఒకే విధంగా తీసుకోవాలని శిక్షణ ఇచ్చారు.

ఆ పాఠాలు నీతిబోధలాగా మాత్రమే ఉండేవికావు. కార్మికుడికి అర్థమయ్యే లెక్క చూపించేవారు. నల్లవాడికి తక్కువ కూలి ఇవ్వనిస్తే, రేపు నీ కూలి తగ్గించడానికి యజమాని అతడినే సాకుగా చూపిస్తాడు. అతడిని సంఘం బయట ఉంచితే, సమ్మె రోజున అతడిని నీ మీదికే తీసుకువస్తాడు. 1919లో జరిగింది అదే. ఈ తర్కం తమ అనుభవంలోనిదే గనుక కార్మికులు చెవి ఒగ్గి విన్నారు.

శాస్త్రజ్ఞుల సాయం కూడా దొరికింది. 1943లో రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ అనే ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు మానవజాతుల గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. మనుషులందరిదీ ఒకే మూలమనీ, రక్తంలో తేడా లేదనీ, చర్మం రంగుకూ తెలివికీ సంబంధం లేదనీ అందులో సామాన్య భాషలో వివరించారు. సైనికులకు పంచడానికి తీసుకున్న ఆ పుస్తకాన్ని 1944లో కొందరు రాజకీయ నాయకుల అభ్యంతరంతో సైన్యం పక్కన పెట్టేసింది. సైన్యం వద్దన్నదానిని కార్మికులు అక్కున చేర్చుకున్నారు. సి.ఐ.ఓ.లోని మోటారు కార్మికుల సంఘం ఆ పుస్తకం ఆధారంగా పది నిమిషాల పైచిలుకు బొమ్మల సినిమా ఒకటి తీయించింది. 1946లో వచ్చిన ఆ సినిమాను సంఘ సభలలోనే కాక బడులలోనూ దేవాలయాలలోనూ చూపించారు.

పరీక్ష ఘడియ

పాఠం వంటపట్టిందో లేదో పరీక్ష రోజున తెలుస్తుంది. ఆ పరీక్ష 1943 జూనులో డెట్రాయిట్ నగరంలో వచ్చింది. పాకార్డ్ కంపెనీలో ముగ్గురంటే ముగ్గురు నల్లజాతి కార్మికులకు మెరుగైన పని ఇచ్చినందుకు దాదాపు 25,000 మంది తెల్లవారు పని ఆపేసి బయటకు నడిచారు. అక్కడి సంఘ నాయకులు తమ పదవులు పోతాయని భయపడలేదు. ఆ పనిమానివేత తప్పని బహిరంగంగా చెప్పి సభ్యులను తిరిగి పనిలోకి పంపారు. ఆ ముగ్గురూ తమ పనిలోనే ఉన్నారు.

కొద్దిరోజులకే అదే నగరంలో ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. జూన్ 20 నుంచి 22 వరకు వీధులలో 34 మంది చనిపోయారు, అందులో 25 మంది నల్లవారు. అయితే ఆ రోజుల్లోనే కర్మాగారాల లోపల తెల్లవారూ నల్లవారూ పక్కపక్కన పనిచేసుకుంటూనే ఉన్నారనీ, వీధిలో జరిగినది లోపల జరగలేదనీ ఆ కాలపు చరిత్ర రాసినవారు గమనించారు. ఒకే సంఘంలో కలిసి కూర్చున్న అలవాటు కొంత పనిచేసిందన్నమాట.

1944 ఆగస్టులో ఫిలడెల్ఫియా నగరంలో మరో పరీక్ష. ఎనిమిదిమంది నల్లజాతి కార్మికులకు ట్రాము నడిపే శిక్షణ మొదలుపెట్టగానే తెల్ల ఉద్యోగులు వాహనాలన్నీ ఆపేశారు. సి.ఐ.ఓ.కు చెందిన రవాణా కార్మికుల సంఘం ఆ నల్లజాతి కార్మికుల పక్షాన నిలబడింది. ప్రభుత్వం 5,000 మంది సైనికులను దింపింది. వారం తిరగకముందే ట్రాములు కదిలాయి, తరువాత నల్లజాతి కార్మికులు డ్రైవర్లయ్యారు. ఇక్కడ సంఘం మాట నెగ్గింది గాని, సభ్యులందరి మనసూ మారిందని చెప్పలేము. సైనికులు అవసరమయ్యారంటే పాఠం ఇంకా సగంలోనే ఉందని అర్థం.

ఆయన విశ్వాసం

ముర్రేకు ఈ పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? ఆయన పూజ తప్పని కతోలికుడు. 13వ లియో జగద్గురువులు 1891లోనూ, 11వ పియుస్ జగద్గురువులు 1931లోనూ కార్మికుల హక్కులగురించి రాసిన విశ్వలేఖలు ఆయనకు దారిదీపాలు. యజమానులూ కార్మికులూ ప్రభుత్వమూ ఒకచోట కూర్చుని పరిశ్రమను నడుపుకోవాలని 1940 ప్రాంతంలో ఆయన ప్రతిపాదించిన పథకం ఆ విశ్వలేఖల నీడలో రూపొందినదే. పిట్స్‌బర్గ్ మేత్రాసనపు గురువు ఫాదర్ చార్లెస్ ఓవెన్ రైస్ ఆయనకు ఆత్మీయ మిత్రుడు, సలహాదారు. ఆ కాలంలో అమెరికా శ్రీసభ అనేక విచారణలలోనూ కళాశాలలలోనూ కార్మికుల బడులు నడిపింది. పని ముగించుకుని వచ్చినవారు రాత్రిపూట అక్కడ సభ నడపడం, లెక్కలు చూడడం, ఒప్పందం రాయడం నేర్చుకునేవారు. వాటితోపాటు శ్రీసభ సామాజిక బోధననూ వినేవారు.

దేవుడు మనిషిని తన పోలికగా చేశాడన్నది మనం చిన్న జపంలోనే నేర్చుకున్న సత్యం. జ్ఞానస్నానపు నీటికి రంగు తెలియదు. దివ్యసత్ప్రసాదం అందుకునే చేతులలో తేడా చూసేవాడు అందుకుంటున్నది ఎవరినో మరచిపోయినవాడే. ముర్రే ఈ సత్యాన్ని గుడిలో వదిలేసి రాలేదు. తూకం దగ్గర తనకు జరిగిన అన్యాయం ఏమిటో ఆయనకు గుర్తుంది. చర్మం రంగునుబట్టి మనిషి విలువ తక్కువ కట్టడమూ అలాంటి దొంగ తూకమే.

సగంలో ఆగిన పని

ఇంతవరకు చెప్పి ముగిస్తే అది పొగడ్త అవుతుంది గాని జీవితచరిత్ర కాదు. ముర్రే చేయలేకపోయిన వాటినీ చెప్పుకోవాలి.

1946లో సి.ఐ.ఓ. దక్షిణాది రాష్ట్రాలలో సంఘాలు కట్టడానికి పెద్ద ఉద్యమం మొదలుపెట్టింది. అక్కడ నల్లవారికి ఓటు లేదు, బడి వేరు, బస్సులో సీటు వేరు. తెల్ల కార్మికులు బెదిరిపోతారేమోనన్న భయంతో ఉద్యమ నాయకులు జాతి సమస్యను వీలైనంత పక్కన పెట్టారు. అయినా ఫలితం దక్కలేదు. యజమానులు ఆ రంగు భయాన్నే ఆయుధంగా వాడుకున్నారు. ఉద్యమం విఫలమయింది. 1949, 1950 సంవత్సరాలలో కమ్యూనిస్టుల నాయకత్వంలో ఉన్నాయన్న కారణంతో 11 సంఘాలను సి.ఐ.ఓ. వెలివేసింది. నల్లవారి హక్కుల కోసం గట్టిగా నిలబడిన సంఘాలు కొన్ని వాటిలో ఉన్నాయి. ఆ వెలివేతను అప్పట్లో సమర్థించిన ఫాదర్ రైస్ వృద్ధాప్యంలో దాని గురించి పశ్చాత్తాపపడ్డారు.

అన్నిటికంటే లోతైన లోపం ఉక్కు కార్మికుల సొంత ఒప్పందంలోనే ఉంది. 1942లో ఉక్కు కార్మికుల సంఘం పూర్తిస్థాయి సంఘంగా ఏర్పడినప్పుడు ముర్రేయే దానికి మొదటి అధ్యక్షుడు. పనిలో ముందు చేరినవాడికి ముందు అవకాశం అనే సీనియారిటీ నియమాన్ని సంఘం పోరాడి సాధించింది. మేస్త్రీల ఇష్టాయిష్టాలనుంచి కార్మికుడిని కాపాడిన మంచి నియమం అది. కాని చాలా మిల్లులలో ఆ సీనియారిటీని విభాగంవారీగా లెక్కించేవారు. నల్లవారిని మొదటినుంచీ కోకు బట్టీలు, కొలుముల వంటి వేడి, పొగ, ప్రమాదం ఉన్న విభాగాలలోనే చేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళు పనిచేసిన నల్ల కార్మికుడు మంచి విభాగానికి మారాలంటే ఆ ఇరవై ఏళ్ళ సీనియారిటీని వదులుకుని, నిన్న చేరిన కుర్రవాడి వెనక నిలబడాలి. పనులు తగ్గితే ముందు ఇంటికి వెళ్ళేది అతడే. అందుచేత అతడు ఆ పొగలోనే ఉండిపోయేవాడు.

గోడమీద సోదరభావపు బొమ్మ ఉంది, సంఘపు సభలో తీర్మానం ఉంది. అదే సంఘం సంతకం చేసిన ఒప్పందపు పేజీలలో మాత్రం రంగు గోడ అలాగే నిలిచి ఉంది. ఆ పేజీని తిరగరాస్తే తెల్ల సభ్యులు తమకున్న మేలు కొంత వదులుకోవాలి. ముర్రే కాలంలో సంఘం వారిని ఆ త్యాగం అడగలేదు.

1949లో ఆయన నాయకత్వాన ఉక్కు కార్మికులు సమ్మె చేసి పింఛను సాధించారు. 1952లో మళ్ళీ పెద్ద పోరాటం జరిగింది. అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకోవడం, సుప్రీంకోర్టు అది చెల్లదనడం, 50 రోజులు దాటిన సమ్మె, చివరకు రాజీ, అన్నీ ఆ ఏడాదిలోనే. అలసిన గుండె అంతటితో సరిపెట్టుకుంది. 1952 నవంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో గుండెపోటుతో ఆయన ప్రభువునందు నిద్రించారు. వయసు 66 సంవత్సరాలు. పిట్స్‌బర్గ్ సమీపంలోని కతోలిక సమాధుల తోటలో ఆయనను ఖననం చేశారు.

ఆ ఒప్పందపు పేజీని సరిచేయడానికి ఇంకా 22 ఏళ్ళు పట్టింది. నల్లజాతి ఉక్కు కార్మికులు సంఘంలోపలే గొంతెత్తారు, కోర్టులకు వెళ్ళారు. చివరకు 1974 ఏప్రిల్‌లో తొమ్మిది ఉక్కు కంపెనీలూ, ఉక్కు కార్మికుల సంఘమూ కోర్టు సమక్షంలో ఒప్పుకున్నాయి. అప్పటినుంచి సీనియారిటీని మిల్లు మొత్తానికి కలిపి లెక్కించారు. నష్టపోయిన నల్లజాతివారు, ఇతర అల్పసంఖ్యాకులు, స్త్రీలు కలిసి 40,000 మందికి పైగా కార్మికులకు దాదాపు మూడు కోట్ల పది లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించారు. ముర్రే మొదలుపెట్టిన పాఠం ఆయన పోయిన తరువాత, ఆయన సంఘాన్నే ప్రతివాదిగా నిలబెట్టి, మరో అడుగు ముందుకు పడింది.

మనకు మిగిలిన పాఠం

పునీత అక్వినాసు తోమాసుగారు న్యాయాన్ని ఒక భావనగా కాక, ఎవరిది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పంగా వివరించారు. మంచి మాట తెలిసినంతమాత్రాన మనిషి న్యాయవంతుడు కాడు. చేతితో ఇవ్వడం అలవాటైనప్పుడే న్యాయం అతనిలో స్థిరపడుతుంది. ముర్రే జీవితం ఈ బోధకు మంచి ఉదాహరణ. ఆయన నేర్పిన పాఠాలు వృథా కాలేదు. డెట్రాయిట్ వీధులలో రక్తం పారిన రోజున కర్మాగారంలో చేతులు లేవకుండా ఆపినది ఆ పాఠమే. కాని సభ్యులను మెరుగుపరచడం ఒక ఎత్తు, నియమాలను సరిచేయడం మరో ఎత్తు. రెండవది లేకపోతే మొదటిది గోడమీది బొమ్మగా మిగిలిపోతుంది.

మన విచారణలలో రైల్వేలో, గనులలో, ఆర్.టి.సి.లో, ఆసుపత్రులలో పనిచేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామంది ఏదో ఒక సంఘంలో సభ్యులు. మన దేశంలో రంగు గోడ లేదు గాని కులం గోడ ఉంది. అది శ్రీసభ గడప దగ్గర ఆగిపోలేదని మన పీఠాధిపతులే 2016లో దళితుల సాధికారతపై ప్రకటించిన విధానపత్రంలో ఒప్పుకున్నారు. క్రీస్తునందు అందరూ ఒకటేనన్న ప్రసంగాన్ని మనం ఏళ్ళ తరబడి వింటున్నాం. విన్నాక ఇంటికి వెళ్ళి మన ఒప్పందపు పేజీలను ఒకసారి తెరిచి చూసుకోవాలి. విచారణ మండలిలో ఎవరెవరున్నారు? సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏమిటి? సమాధుల తోటలో ఎవరి స్థలం ఎక్కడ? మన సంఘంలో శుభ్రంచేసే పనివారి ఫిర్యాదు ఎన్నవ వరుసలో వినబడుతుంది? ఈ పేజీలలో ఏది మార్చినా ఎవరో ఒకరు కొంత వదులుకోవలసి వస్తుంది. ఆ ఎవరో బహుశా మనమే.

తక్కువ తూచారని పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు నిలదీస్తే 600 మంది అతని వెనక నిలబడ్డారు. వారికి అతడివల్ల లాభమేమీ లేదు, నాలుగు వారాల పస్తులు తప్ప. అయినా నిలబడ్డారు. మన పక్కవాడికి తూకం తగ్గినప్పుడు అలా నిలబడే మనసును, ఆ తక్కెడ మన చేతిలోనే ఉన్నప్పుడు దానిని సరిచేసే ధైర్యాన్ని, శ్రామికుడైన పునీత జోజప్పగారి ప్రార్థనల ద్వారా ప్రభువు మనందరికీ అనుగ్రహించుగాక.